కార్తె చూసి విత్తడం ఇంకా పనికివస్తుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది. అనంతపురం జిల్లాలో ఎర్ర నేల మీద వానాధారంగా వేరుశనగ, కంది పండించే మీ నాన్నగారు ఇప్పటికీ కార్తెను, గాలిని, చంద్రుడి చుట్టూ కట్టే గుడిని చూసే విత్తనానికి దిగుతారు. మీరు ఫోనులో వాతావరణ సూచన చూసి చెబితే ఆయన వినరు. కాలమే మారిపోయిన తరువాత ఆ పాత లెక్కలు ఇంకా పనికివస్తాయా అన్నది మీ సందేహం. మెట్ట రైతులకు వాతావరణ సలహాలు తయారుచేసే పనిలోనే ఉద్యోగ జీవితం గడిపినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ నాన్నగారి లెక్కల్లో వాన ఎప్పుడు వస్తుందో చెప్పే భాగం బలహీనపడింది; వాన వచ్చిన రోజున ఏమి విత్తాలో, ఏమి విత్తకూడదో చెప్పే భాగం మాత్రం చాలావరకు నిలిచే ఉంది. ఇళ్లలో వాదన అంతా మొదటి భాగం మీద జరుగుతుంది, రెండో భాగాన్ని ఎవరూ అడగరు.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్ర భాగంలో ఉండే కాలం. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8కి మృగశిర, జూన్ 22కి ఆరుద్ర, ఆ తరువాత పునర్వసు, పుష్యమి, ఆగస్టు మొదట్లో ఆశ్లేష, ఆగస్టు 17కి మఖ, నెలాఖరుకు పుబ్బ, సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర ప్రవేశిస్తాయి. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. పండుగలను, ముహూర్తాలను చంద్రుడి తిథులతో లెక్కించే మన పల్లెల్లో సేద్యానికి మాత్రం సూర్యుడి లెక్కనే వాడుకున్నారంటే దానికి కారణం ఉంది. తిథి ప్రకారం వచ్చే ఏరువాక పున్నమి ఒక ఏడాది జూన్ మొదట్లో వస్తే మరొక ఏడాది నెలాఖరుకు జరగవచ్చు. కార్తె అలా జరగదు. ఋతువును నడిపేది సూర్యుడే కాబట్టి, సేద్యానికి నిలకడగా ఉండే కొలత సూర్యుడిదే.

అయితే ఆ నిలకడలోనూ ఒక చిన్న జారుడు ఉంది, అది తెలుసుకోవడం మంచిది. నక్షత్రాలను ఆధారం చేసుకున్న సంవత్సరం ఋతువులను ఆధారం చేసుకున్న సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. అంటే దాదాపు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల కంటే వెనుకబడుతూ వస్తున్నాయి. ఇది నేటి వాతావరణ మార్పుకు సంబంధం లేని, భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల కలిగే తేడా. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, ఒకప్పుడు దక్షిణాయనం ఆశ్లేష సగంలో మొదలయ్యేదనీ తన కాలానికి కర్కాటక ఆరంభానికి మారిందనీ రాశాడు. ఇప్పుడు పగటి పొద్దు అత్యంత ఎక్కువగా ఉండే జూన్ 21 దాదాపు ఆరుద్ర ప్రవేశంతో కలుస్తోంది. అయిదు వందల ఏళ్ల కిందట పుట్టిన సామెత ఏదైనా మృగశిర వాన గురించి చెప్పిందనుకుంటే, ఆ రోజుల్లో మృగశిర ఋతువు లెక్కన నేటి కంటే ఒక వారం ముందే వచ్చేది. పాత సామెతలు నేటి తేదీలకు అతకడం లేదని ఆశ్చర్యపడేవారు ఈ వారం రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక తరానికి ఈ తేడా అర రోజు కూడా ఉండదు కాబట్టి, పొలంలో ఉన్నవారు తమకు తెలియకుండానే సర్దుకుంటూ వచ్చారు.

ఇక వాన సంగతి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందనే మాట వెనుక ఉన్నది ఎన్నో తరాల సగటు అనుభవం: జూన్ రెండో వారానికి ఋతుపవనాలు మన ప్రాంతంలో కుదురుకుంటాయి, రోళ్లు పగిలే రోహిణి ఎండల తరువాత నేల చల్లబడుతుంది. సగటు చెప్పగలిగేది సగటునే. ఆ సగటు చుట్టూ ఉండే ఊగిసలాట పెరిగినప్పుడు కార్తె తేదీకి వానను అంచనా వేసే శక్తి తగ్గుతుంది. 2025ను గుర్తు చేసుకోండి. నైరుతి ఋతుపవనాలు మే 24నే కేరళను తాకి, రెండు రోజుల్లో రాయలసీమలోకి వచ్చేశాయి. అప్పటికి మనకు రోహిణి కార్తె మొదలై ఒకటి రెండు రోజులే అయింది. ఆ తరువాత మే చివరి నుంచి జూన్ సగం దాకా వాటి ముందడుగు ఆగిపోయింది. తొలి జల్లులకు పొంగిపోయి విత్తినవారికి అది ఎలాంటి విరామమో చెప్పనక్కరలేదు.

2023 ఇంకా తీవ్రమైన ఉదాహరణ. ఆ ఏడాది పుష్యమి కార్తెలో, జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో, తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మీ అనంతపురంలో ఏడాది పొడుగునా పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంతకంటే ఎక్కువ అక్కడ ఒక్క రోజులో పడింది. సరిగ్గా ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే, 1901 తరువాత అతి తక్కువ వాన పడిన ఆగస్టు. మఖ, పుబ్బ కార్తెలు వరపైతే క్షామమని పెద్దలు హెచ్చరించి ఉన్నారు గాని, ముంచెత్తే పుష్యమి, ఎండిపోయే మఖ ఒకే ఏడాదిలో పక్కపక్కన రావడానికి తగిన సామెత నేను వినలేదు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక కూడా ఇదే దిశలో మాట్లాడింది. 1951–80 కాలంతో పోలిస్తే 1981–2011 మధ్య ఋతుపవన కాలంలో వాన లేని విరామాలు 27 శాతం ఎక్కువయ్యాయనీ, మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950–2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయనీ అందులో ఉంది. మొత్తం వాన పెద్దగా తగ్గని చోట కూడా అది పడే తీరు చెదిరిపోతోంది. మెట్ట రైతును దెబ్బతీసేది ఎక్కువగా ఆ తీరే.

ఇంతవరకు చూస్తే మీ వాదనే నెగ్గినట్టు కనిపిస్తుంది. కానీ కార్తె వానను మాత్రమే కొలిచే సాధనం కాదు. అది సూర్యుడి స్థానం, కాబట్టి పగటి పొద్దు ఎంత ఉందో, పంటకు ఇంకెంత కాలం మిగిలిందో కూడా అదే చెబుతుంది. భూగోళం ఎంత వేడెక్కినా ఆరుద్రలో పగటి నిడివి మారదు. దేశవాళీ కంది పొద్దు తగ్గుతూ వచ్చినప్పుడే పూతకు వస్తుంది. ఆరుద్రలో విత్తినా మఖలో విత్తినా పూత సమయంలో పెద్ద తేడా ఉండదు, మొక్క మాత్రం పొట్టిగా ఉండిపోతుంది. ఆలస్యంగా విత్తే కందిని దగ్గర సాళ్లలో వేయాలని మీ నాన్నగారు అంటే, దాని వెనుక ఉన్న శాస్త్రం ఇదే. జొన్న విషయంలో మరొక కారణం ఉంది. జులై సగం దాటాక విత్తిన జొన్నను మొవ్వు ఈగ పట్టి పీడిస్తుంది. అందువల్ల ఫలానా కార్తె దాటితే జొన్న వద్దు అన్న మాట వాన గురించి చెప్పినట్టు వినిపించినా నిజానికి పురుగు గురించినది. వాన ఆలస్యమైందని ప్రతి పంటనూ అదే లెక్కన వెనక్కి జరపలేము. పంటనే మార్చుకోవాలి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పని మీకు పొరుగునే జరిగింది. అనంతపురం సరిహద్దుకు ఆనుకుని ఉన్న కర్ణాటకలోని పావగడ ప్రాంతంలో వాతావరణ శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్, తానే సేద్యం చేసే శాస్త్రవేత్త పి.ఆర్. శేషగిరిరావు, వారి సహచరులు వేరుశనగ రైతులతో కలిసి కూర్చుని, విత్తే తేదీల మీద పరిశోధన చేశారు. అక్కడి రైతులు వేరుశనగ విత్తడానికి జూన్ 22 నుంచి ఆగస్టు 17 దాకా ఉన్న కాలాన్ని వాడుకుంటారని వారు గుర్తించారు. తేదీలను కార్తెల్లోకి మార్చి చూడండి: ఆరుద్ర ప్రవేశం నుంచి ఆశ్లేష ముగిసేదాకా అన్నమాట. దీర్ఘకాలపు వాన లెక్కలను పంట పెరుగుదల నమూనాతో కలిపి చూసినప్పుడు, ఆ కాలంలోనూ జులై సగం దాటాక విత్తిన పంటకు నష్టభయం తక్కువని తేలింది. కారణం రాయలసీమ వాన తీరులోనే ఉంది. ఇక్కడ ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. ఊడలు దిగి కాయ ఊరే దశ ఆ వానలకు ఎదురుపడాలంటే విత్తనం మరీ తొందరపడకూడదు. రైతుల అనుభవం కాలపు హద్దులను సరిగ్గా పట్టుకుంది, శాస్త్రం ఆ హద్దుల లోపల ఏ భాగం మెరుగైనదో చూపింది. రెండు జ్ఞానాలు కలిసి పనిచేయడం అంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

మీ నాన్నగారు గాలిని చూస్తారని రాశారు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. జూన్, జులై నెలల్లో రాయలసీమలో పడమటి గాలి విసురుగా వీస్తుంది, మేఘాలు పరుగులు తీస్తాయి, అప్పుడప్పుడూ తుంపర పడుతుంది, నేల తడవదు. పడమటి కనుమలను దాటి వచ్చే ఆ గాలి తన తేమను అవతలే కురిపించి వస్తుంది. గాలి జోరు తగ్గి, మధ్యాహ్నానికి ఉక్కపోత పెరిగి, సాయంత్రానికి ఉరుములు మొదలైతేనే ఇక్కడ నేలకు పదును, అంటే విత్తడానికి తగిన తడి, ఇచ్చే వాన పడుతుంది. దేశం మధ్యభాగంలో ఋతుపవనాలు బలహీనపడిన రోజుల్లో మన దక్షిణ భాగంలో ఉరుముల వానలు పెరగడం వాతావరణ శాస్త్రంలో బాగా తెలిసిన విషయమే. కాబట్టి గాలి ఆగితేనే వాన అని నమ్మే రైతు, టీవీలో ‘ఋతుపవనాలు చురుకుగా ఉన్నాయి’ అన్న వార్త విని తొందరపడేవాడి కంటే తన పొలం గురించి మెరుగైన అంచనాకే వస్తాడు. ఈ జ్ఞానం ఒక ప్రాంతానికి సంబంధించినది. కోనసీమకు తీసుకువెళితే పనిచేయదు.

గుడి సంగతి కూడా చూద్దాం. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అంటారు. చంద్రుడికి దూరంగా కట్టే పెద్ద గుడి, అంటే చేయి చాచి వేళ్లు విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా పట్టేంత దూరంలో కనిపించేది, చాలా ఎత్తున పరచుకున్న మంచు స్ఫటికాల పలుచని మేఘం వల్ల ఏర్పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో బలపడుతున్నప్పుడు దాని పైభాగం నుంచి ఇలాంటి మేఘం వందల కిలోమీటర్ల ముందుకు వస్తుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో వాన రావచ్చుననడం సబబే. చంద్రుడిని ఆనుకుని కనిపించే చిన్న వలయం వేరే రకం, మధ్య ఎత్తు మేఘాల్లోని నీటి బిందువుల వల్ల వచ్చేది. చీమలు గుడ్లు మోసుకుపోవడం, ఉప్పు చెమర్చడం వంటి గుర్తులు గాలిలో తేమ పెరిగిందని చెబుతాయి. కొద్ది గంటల నుంచి రెండు రోజుల లోపు చెప్పే ఈ గుర్తుల వెనుక ఉన్న భౌతిక సూత్రాలు మారలేదు కాబట్టి అవి పాడైపోలేదు. అయితే అవి వాన ఎంత పడుతుందో చెప్పలేవు, ఎత్తు మేఘం వచ్చిన ప్రతిసారీ వాన రాదు, పైగా ఈ రెండు రోజుల వ్యవధిలో నేటి రాడారు, ఉపగ్రహ చిత్రాలు వీటికంటే బాగా పనిచేస్తున్నాయి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. పొలంలో పనిచేసేవారి ఫోనుల్లో అది ఉండి తీరాలని నా అభిప్రాయం.

చెట్ల గుర్తులతో మాత్రం జాగ్రత్త అవసరం. రేల పూత నిండుగా వచ్చిన నెలన్నరకు వానలు మొదలవుతాయని గుజరాత్ సౌరాష్ట్ర రైతులు నమ్ముతారు, అక్కడ ఇలాంటి నమ్మకాలను రైతులూ వ్యవసాయ శాస్త్రవేత్తలూ కలిసి పరీక్షించారు కూడా. చెట్టు పూత చాలావరకు అప్పటిదాకా గడిచిన ఎండ, చలి, తేమలకు ఇచ్చే స్పందన. చలికాలం వెచ్చబడితే పూత ముందుకు జరుగుతుంది; దానితోపాటు ఋతుపవనం కూడా ముందుకు జరగాలన్న నియమం లేదు. ఒకప్పుడు రెండూ కలిసి నడిచినంత మాత్రాన ఇకముందు నడుస్తాయని అనుకోలేము. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో చెప్పే మేఘాధిపతి ఫలం, ఇన్ని తూముల వాన అన్న లెక్క పూర్తిగా వేరే వ్యవహారం. అది దేశమంతటికీ ఒకేలా చెప్పేది, ఏ పొలంలోనూ గమనించి చెప్పింది కాదు. దాన్నీ రైతు పరిశీలననూ ఒకే గాటన కట్టి రెంటినీ కొట్టిపారేయడం చదువుకున్నవారు తరచుగా చేసే పొరపాటు.

ఒక గుర్తు నమ్మదగినదా కాదా అని తేల్చుకోవడానికి దాని వెనుక ఏ కారణం ఉందో వెతకడమే మంచి దారి. దీనికి ప్రపంచంలో చాలా అందమైన ఉదాహరణ దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఉంది. పెరూ, బొలీవియాల్లోని ఆదివాసీ రైతులు జూన్ 24న వచ్చే శాన్ హువాన్ పండుగ రోజుల్లో తెల్లవారకముందే కొండెక్కి కృత్తికల గుంపును చూస్తారు. చుక్కలు స్పష్టంగా, ప్రకాశంగా కనిపిస్తే బంగాళాదుంపను మామూలు సమయానికే నాటుతారు. మసకగా ఉంటే వానలు ఆలస్యమవుతాయని భావించి నాటడాన్ని కొన్ని వారాలు వెనక్కి జరుపుతారు. కనీసం నాలుగు వందల ఏళ్లుగా ఉన్న ఆచారం ఇది. 2000లో ప్రచురితమైన ఒక పరిశోధన దీని గుట్టు విప్పింది. ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే, ఏడాదుల్లో ఆ ప్రాంతం మీద కంటికి ఆనని పలుచని ఎత్తు మేఘాలు ఎక్కువవుతాయి, చుక్కలు మసకబారుతాయి. అదే ఎల్ నినో కొన్ని నెలల తరువాత అక్కడి వానలను తగ్గిస్తుంది. (మనకు కృత్తిక కార్తె అంటే సూర్యుడు ఆ గుంపు దగ్గర ఉండే మే నెల రోజులు కాబట్టి అప్పుడు అది కనిపించదు, వాళ్లు చూసేది అది సూర్యకాంతి నుంచి బయటపడి తెల్లవారుజామున మళ్లీ కనిపించే రోజుల్లో.) కారణం ఇంత గట్టిగా ఉన్న గుర్తు త్వరగా చెడిపోదు. గమనించవలసిన మరో సంగతి, ఆ రైతులు చుక్కలను చూసి వానను ఊహించి ఊరుకోరు, నాటే తేదీని మారుస్తారు. వారి జ్ఞానంలో సగం ఆ నిర్ణయంలోనే ఉంది.

మన కార్తెల సామెతల్లోనూ ఆ సగం దాగి ఉంది. పుబ్బలో పుట్టెడు చల్లే కంటే మఖలో మానెడు చల్లడం మేలు అన్నది సూచన కాదు, ఆలస్యమైన విత్తనానికి ఖర్చు పెంచవద్దన్న సలహా. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నది ఇంకా కఠినమైన నిర్ణయం: సెప్టెంబరు సగం దాటినా పొలం ఎండే ఉంటే ఇక ఇక్కడ ఆశ పెట్టుకోకుండా బతుకుదెరువు వెతుక్కోమని చెప్పడం. వేరుశనగకు హద్దు దాటితే కొర్ర, సజ్జ, అలసంద; అదీ దాటితే ఉలవలు, పశువులకు మేత జొన్న; ఏ కార్తెకు ఏ విత్తనం అన్న ఈ వరుసనే నేను చెప్పే రెండో భాగం. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో జిల్లాలవారీగా తయారైన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు తెరిచి చూడండి. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఇది, నాలుగు వారాలైతే ఇది అని పట్టికలుంటాయి. పాత రైతు నోట కార్తెల పేర్లతో వచ్చే వరుసకూ ఆ పట్టికకూ మధ్య నేను చూసినంతలో పెద్ద విరోధం లేదు.

ఆ వరుసను ముందుగా చెరిపింది వాతావరణ మార్పు కాదని నా నమ్మకం. కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న పండిన పొలాలన్నీ వేరుశనగ ఒక్కటే పంటగా మారి, ఉమ్మడి అనంతపురం జిల్లాలో దాని విస్తీర్ణం ఒక దశలో 7 లక్షల హెక్టార్లు దాటినప్పుడు, ఇంట్లో మిగతా విత్తనాలు ఉంచుకోవడం ఆగిపోయింది. విత్తనం లేనప్పుడు కార్తె తెలిసీ లాభం లేదు. అప్పు, రాయితీ విత్తనం, కొనేవాడు అన్నీ ఒకే పంట చుట్టూ తిరిగినప్పుడు రైతు ఒక్కడే వేరే దారి పట్టలేడు. తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సంక్రాంతికి జరిపే పాత పంటల జాతరను నేను గౌరవించేది అందుకే; అక్కడ ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేది ఆ విత్తనాల వరుసే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కింద చేస్తున్న వానకు ముందే పొడి నేలలో నవధాన్యాలు విత్తే పద్ధతి కూడా పాత ఆలోచనకు కొత్త రూపమే. అది మీ పొలానికి సరిపోతుందో లేదో ఒక మూల అరెకరంలో వేసి చూసుకుంటే సరి.

ఇప్పుడు మీ ఫోను సంగతి. భారత వాతావరణ శాఖ ఇచ్చే అయిదు రోజుల సూచన, ప్రతి గురువారం వెలువరించే వారాల వారీ సూచన, మేఘదూత్ యాప్‌లో తెలుగులో వచ్చే సలహా, ఇవన్నీ వాడదగినవే. 2025 వానాకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు కృత్రిమ మేధ ఆధారంగా తయారైన ఋతుపవన సూచనలను సందేశాలుగా పంపింది. మధ్యలో విరామం వస్తుందని ముందే చెప్పగలగడం అందులో నాకు ముఖ్యంగా కనిపించింది, ఎందుకంటే రాబోయే బెట్టను చెప్పే శక్తి ఏ కార్తెకూ లేదు. కానీ కొన్ని యాప్‌లు పదిహేను రోజుల తరువాత ఫలానా మధ్యాహ్నం మీ ఊళ్లో ఇంత వాన అని చూపే బొమ్మలను నమ్మవద్దు. అంత దూరపు రోజువారీ సూచనకు విలువ దాదాపు లేదు. మండలానికి సరైన సూచన కూడా మీ చేనుకు తప్పు కావచ్చు. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వాన అని ఊరికే అనలేదు. ఎల్ నినో ఏడాది అన్న వార్త వచ్చినప్పుడు కూడా నిదానంగా ఆలోచించాలి. అది నైరుతి వానలను సాధారణంగా తగ్గిస్తుంది గాని, అక్టోబరు తరువాతి ఈశాన్య ఋతుపవన వానలు అలాంటి ఏడాదుల్లో మెరుగ్గా ఉండే అవకాశం ఉంది. రాయలసీమకు ఆ రెండోదీ ముఖ్యమే.

కాబట్టి మీరిద్దరూ పని పంచుకోవచ్చు. వాన పడిన రోజున ముందు పొలంలో తవ్వి చూడండి; జానెడు లోతు తడవకపోతే అది విత్తనపు వాన కాదు. తేలిక నేలల్లో మొత్తం 50–60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60–75 మిల్లీమీటర్లు పడ్డాక విత్తడం క్షేమమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తరచుగా చెప్పే కొలత. పదును కుదిరిందనుకుంటే, ఈ కార్తెలో ఈ నేలకు ఏ విత్తనం తగునో మీ నాన్నగారు చెప్పాలి. మొలక వచ్చే పది పన్నెండు రోజుల్లో బెట్ట తగులుతుందా అన్నది మీరు వారాల వారీ సూచన చూసి చెప్పాలి. ఉదాహరణకు పునర్వసులో మంచి వాన పడి, తరువాతి రెండు వారాలు పొడిగా ఉంటాయని సూచన ఉంటే, వేరుశనగను పుష్యమి దాకా ఆపడానికి అవకాశం ఉంది, ఆ పదునుకు దుక్కి చేసుకోవచ్చు. అదే సూచన ఆశ్లేష చివర్లో వస్తే ఆగే వీలు లేదు, విత్తనమే మార్చాలి. ఈ రెండు సందర్భాలకూ ఫోను ఒకే మాట చెబుతుంది. తేడా తెలిసేది కార్తె వల్లనే.

దీనితోపాటు ఒక వర్షమాపకం కొని పెట్టుకుని, కార్తెకు ఒక పేజీ చొప్పున పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. పడిన వాన, గాలి దిశ, కనిపించిన గుర్తు, ఫోను చెప్పింది, చివరికి జరిగింది, అన్నీ రాయాలి. గుర్తు కనిపించి వాన రాని రోజులను తప్పకుండా రాయాలి, ఎందుకంటే మనిషి జ్ఞాపకం ఫలించినవాటినే దాచుకుంటుంది, ఫోను విషయంలోనూ అంతే. అయిదారేళ్లు గడిస్తే ఏ గుర్తు మీ ఊళ్లో నిలుస్తోందో, ఏది నిలవడం లేదో మీకు నాకంటే బాగా తెలుస్తుంది. పక్కన ప్రభుత్వ స్వయంచాలిత వాతావరణ కేంద్రం ఉంటే దాని లెక్కలతో పోల్చుకోండి.

విత్తనం గురించి చివరిగా ఒక మాట. వేరుశనగకు ఎకరానికి 60 కిలోలకు పైగా గింజలు కావాలి. ఒకసారి మొలక మాడిపోతే మళ్లీ కొనే శక్తి చాలా ఇళ్లకు ఉండదు. కొర్రకు ఎకరానికి 2 కిలోలు చాలు, ఉలవలకు 8 నుంచి 10 కిలోలు సరిపోతాయి. ఈ రెండూ, కొంత అలసంద, మేత జొన్న, మీకున్న మొత్తం విస్తీర్ణానికి సరిపడా మే నెలలోనే ఇంట్లో ఉంచుకోండి. వాన ఆలస్యమైన ఏడాది ఆగస్టులో వాటి కోసం జిల్లా అంతా ఒక్కసారే బజారుకు వస్తుంది, అప్పుడు ధర ఉంటుంది గాని సరుకు ఉండదు.